చిన్నపిల్లలకు శరీర భద్రతను ఆటలతో నేర్పడం: ఏ ఆటలు, ఎలా, ఎంతవరకు

అయిదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: లైంగిక వేధింపుల గురించి ఇంత చిన్న పిల్లలకు ఆటల రూపంలో చెప్పవచ్చా, చెబితే వాళ్లు భయపడిపోరా, ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాట నేర్పి ఫోన్‌లో ఒక యాప్ ఆడిస్తే సరిపోదా? పిల్లల భద్రత విషయంలో తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెబుతాను. నేర్పవచ్చు. మూడు నాలుగేళ్ల వయసు నుంచే మొదలుపెట్టవచ్చు, ఆ వయసుకు ఆటను మించిన దారి లేదు. అయితే సరైన జవాబు చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టే క్విజ్‌ను నేను ఆట అనడం లేదు. పిల్లలు నోటితో ఒక మాట అనడం, కాళ్లతో అక్కడి నుంచి కదలడం, నమ్మకమైన పెద్దవారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పడం అనే మూడు పనులను నిజంగా చేసి చూసే ఆట కావాలి. ఈ మూడింటిలో చివరిదానికి, అంటే చెప్పడానికి, మిగిలిన రెండింటికీ కలిపి ఇచ్చేంత సమయం ఇవ్వాలని నా అభిప్రాయం. ఇళ్లలోనూ బడుల్లోనూ ఆడించే ఆటలు ఎక్కువగా ‘ఎక్కడ తాకకూడదు’ అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ తరువాత పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, ఆ పెద్దవారు వినకపోతే ఏం చేయాలి అన్న భాగం ఖాళీగా మిగిలిపోతోంది. వేధింపు ఏళ్ల తరబడి సాగడానికి అవకాశం ఇచ్చేది ఆ ఖాళీయే.

ఆటే ఎందుకు అన్నదానికి పరిశోధనలో గట్టి ఆధారం ఉంది. బడి వయసు రాని పిల్లలను మాటలతో మభ్యపెట్టి తీసుకుపోవడం గురించి అమెరికాలో 1981లో వెలువడిన ఒక తొలి అధ్యయనం ఎరలను మూడు రకాలుగా విడదీసింది: ‘నాతో కాస్త నడుద్దువు రా’ అనే మామూలు పిలుపు, ‘మీ టీచర్ నిన్ను తీసుకురమ్మన్నారు’ అనే పెద్దరికపు మాట, ‘నా దగ్గర నీకో బహుమతి ఉంది’ అనే ఆశ. శిక్షణకు ముందు పిల్లలు వీటికి తేలిగ్గా లొంగిపోయారు. తరువాతి కాలంలో రేమండ్ మిల్టెన్‌బర్గర్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని మరో ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టింది. ‘అలా పిలిస్తే ఏం చేస్తావు’ అని అడిగితే తడుముకోకుండా సరైన జవాబు చెప్పే పిల్లల్లో చాలామంది, నిజంగా అలాంటి సందర్భం ఎదురైనప్పుడు ఆ పని చేయలేకపోతారు. తెలియడం ఒక ఎత్తు, చేయడం ఒక ఎత్తు. అందుకే ఈ రంగంలో ఫలితమిచ్చిన పద్ధతులన్నింటిలోనూ నాలుగు మెట్లు కనిపిస్తాయి: చెప్పడం, చేసి చూపించడం, పిల్లల చేత చేయించడం, చేసినదాన్ని మెచ్చుకుంటూ సరిదిద్దడం. పాట మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, వీడియో రెండో మెట్టు వరకు వస్తుంది. మూడు, నాలుగు మెట్లు ఎక్కించేది ఆటే.

ఇక ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ సంగతి. ఈ మాట బాగా వాడుకలో ఉంది, దాన్ని నేర్పినవారి ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలను తమ అనుభూతిని బట్టి తీర్పు చెప్పమనడంలో ఒక చిక్కు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త శాండీ వర్టెల్, ఆమె సహచరులు 1989లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చిన్నపిల్లలకు అనుభూతి ఆధారంగా ఒక పద్ధతిలోనూ, స్పష్టమైన నియమాల ఆధారంగా మరో పద్ధతిలోనూ నేర్పి పోల్చి చూశారు. అనుభూతి ఆధారంగా నేర్చుకున్న పిల్లలు తగని స్పర్శను గుర్తించడంలో తికమకపడ్డారు. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. సూది మందు నొప్పి పుడుతుంది, అయినా అది తప్పు కాదు. పిల్లలను వలలో వేసుకోవాలనుకునే మనిషి మాత్రం మొదట్లో నొప్పి కలిగించడు. ముద్దు చేస్తాడు, ఆడిస్తాడు, చక్కిలిగింతలు పెడతాడు. ఆ స్పర్శ పిల్లకు బాగానే అనిపించవచ్చు, ఆ తరువాత ‘నాకు బాగానే అనిపించింది కాబట్టి తప్పు నాదే’ అన్న భావం ఆమె నోరు కట్టేస్తుంది. అందుచేత అయిదేళ్ల పిల్లకు ఒక నియమంగా చెప్పండి: ‘లోదుస్తులు కప్పే భాగాలు నీ సొంతం. శుభ్రం చేయడానికో, ఒంట్లో బాగులేనప్పుడు చూడడానికో తప్ప వాటిని ఎవరూ చూడకూడదు, తాకకూడదు, తమవి చూడమని, తాకమని అడగకూడదు. అలా శుభ్రం చేసినా, డాక్టరు చూసినా, అది ఎప్పుడూ రహస్యంగా ఉండదు.’ యూరప్ మండలి 2010లో మొదలుపెట్టిన ప్రచారం కూడా పిల్లలకు ఈ లోదుస్తుల నియమాన్నే చెప్పింది. మీ పాప ఇప్పటికే ఆ పాట నేర్చుకుని ఉంటే మాన్పించనక్కరలేదు, దాని పక్కన ఈ నియమాన్ని చేర్చండి.

మొదటి ఆట శరీర భాగాల పేర్లది. పెద్ద కాగితం నేల మీద పరిచి, దాని మీద పిల్లను పడుకోబెట్టి చుట్టూ గీత గీస్తే తనంత బొమ్మ వస్తుంది. ముక్కు, మోచెయ్యి, మోకాలు, రొమ్ము, పిరుదులు, మూత్రం పోసే చోటు అన్నింటినీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో పలుకుతూ రంగులు వేయండి. ఆ భాగాల దగ్గరికి రాగానే మీ గొంతు తగ్గిపోతే, దాని గురించి మాట్లాడకూడదన్న పాఠం పిల్లకు ఆ క్షణంలోనే అందుతుంది. ఇంట్లో ముద్దు పేర్లు వాడుకున్నా ఫరవాలేదు కానీ, బడిలో టీచర్‌కో ఆసుపత్రిలో నర్సుకో వెంటనే అర్థమయ్యే పేరు కూడా పిల్లకు తెలిసి ఉండాలి. చివరగా, బొమ్మకు లోదుస్తుల ఆకారంలో కత్తిరించిన రంగు కాగితం అతికించి నియమాన్ని చెప్పించండి. ఈ ఆటకు ఇంతకన్నా హడావిడి అక్కరలేదు.

రెండోది ‘ఆపు’ ఆట. మీరు చక్కిలిగింతలు పెడతారు. పిల్ల ‘ఆపు’ అనగానే చేతులు గాలిలోకి ఎత్తేసి ఆగిపోతారు. ‘మళ్లీ’ అంటే మళ్లీ మొదలుపెడతారు. తరువాత పాత్రలు మారతాయి, పిల్ల మిమ్మల్ని చక్కిలిగింతలు పెడుతుంది, మీ ‘ఆపు’కు ఆమె ఆగాలి. తన మాటకు ఎదుటి మనిషి చెయ్యి ఆగుతుందన్న అనుభవం పిల్లకు ఉపన్యాసంతో రాదు. పిల్ల నవ్వుతూ ‘ఆపు’ అన్నా మీరు ఆగితీరాలి, ఎందుకంటే చక్కిలిగింతలు పెట్టినప్పుడు ఇష్టం లేకపోయినా నవ్వు వస్తుంది. ఈ ఆట ఆడే ఇంట్లో పెద్దలు మరో విషయానికి కూడా సిద్ధపడాలి. బంధువుల ఒళ్లో కూర్చోనని, ముద్దు పెట్టనని పిల్ల అంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి. ‘ముద్దు వద్దా, అయితే చెయ్యి ఊపు’ అంటే మర్యాదకూ లోటు రాదు, పిల్ల మాటా నిలబడుతుంది. ఆటలో ఆపి, నలుగురి ముందు బలవంతం చేస్తే ఆట నేర్పిన పాఠం చెరిగిపోతుంది.

మూడోది రహస్యం, సర్‌ప్రైజ్ అనే రెండు పెట్టెల ఆట. కొన్ని చీటీల మీద చిన్న చిన్న సంగతులు బొమ్మలుగా గీసి, ఏది ఏ పెట్టెలో పడాలో పిల్లల చేత వేయించాలి. అమ్మ పుట్టినరోజుకు దాచిన బహుమతి సర్‌ప్రైజ్, ఎందుకంటే ఫలానా రోజున అది అందరికీ తెలుస్తుంది, తెలిశాక అందరూ సంతోషిస్తారు. ‘మనం ఆడిన ఆట ఎవరికీ, ఎప్పటికీ చెప్పకు’ అన్నది రహస్యం. దానికి ముగింపు రోజు ఉండదు, పైగా చెబితే ఎవరో కోప్పడతారనో ఏదో పోతుందనో ఒక బెదిరింపు తోడుగా ఉంటుంది. అయిదేళ్ల పిల్లలకు మంచి రహస్యం, చెడ్డ రహస్యం అన్న విభజన కష్టం. ‘పెద్దవాళ్లు నిన్ను రహస్యం దాచమనకూడదు, ఎవరైనా అలా అంటే వచ్చి చెప్పు’ అన్న ఒకే నియమం వాళ్లకు తేలిక. ఎనిమిదేళ్ల బాబుకు మరికొన్ని చిక్కు చీటీలు ఇవ్వవచ్చు: స్నేహితుడు బడిలో ఏడ్చిన సంగతి, తనకన్నా పెద్ద అబ్బాయి ఫోన్‌లో చూపిన ఫొటో, ఆన్‌లైన్ ఆటలో ఎవరో ఉచితంగా ఇచ్చిన నాణేలు. కొన్ని చీటీలు రెండు పెట్టెల మధ్యా ఆగిపోతాయి. అలా ఆగినప్పుడు జరిగే మాటామంతీ ఆటలోకెల్లా విలువైన భాగం కనుక జవాబు మీరే చెప్పేయడానికి తొందరపడకండి.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ముఖ్యమైనదిగా భావించే ఆటకు వస్తాను. దీనికి నాలుగు బొమ్మలు చాలు. కుందేలు చిన్నపిల్ల, ఏనుగు, జిరాఫీ, తాబేలు పెద్దవాళ్లు అనుకుందాం. కుందేలును మీ పాప ఆడిస్తుంది, పెద్ద జంతువులను మీరు ఆడిస్తారు. కుందేలుకు ఒక ఇబ్బంది జరిగిందని మాత్రమే కథలో చెప్పండి: ‘ఎవరో కుందేలు లోదుస్తుల నియమాన్ని తప్పారు, ఎవరికీ చెప్పొద్దన్నారు.’ ఏం జరిగిందో బొమ్మలతో చేసి చూపించవద్దు, ఆట ఆ తరువాతి నుంచే మొదలవుతుంది. కుందేలు ఏనుగు దగ్గరికి వెళ్లి ‘నీకు ఒకటి చెప్పాలి’ అంటుంది. ఏనుగు ‘ఇప్పుడు పని ఉందమ్మా, తరువాత చూద్దాం’ అంటుంది. మొదటిసారి ఆడినప్పుడు చాలామంది పిల్లలు సరిగ్గా ఇక్కడ ఆగిపోతారు. కుందేలును వెనక్కి తెచ్చి ఒళ్లో పెట్టుకుని, ఇక ఆట అయిపోయిందన్నట్టు మీ ముఖం వైపు చూస్తారు. పెద్దవాళ్లు వినకపోతే సంగతి అక్కడితో ముగిసిపోయిందని వాళ్లు అప్పటికే నేర్చుకుని ఉన్నారన్నమాట. అప్పుడు మీరు మెల్లగా ‘ఇంకెవరున్నారు?’ అని అడగండి. కుందేలు జిరాఫీ దగ్గరికి వెళుతుంది. జిరాఫీ ‘ఆయన అలాంటివాడు కాదులే, సరదాకి చేసి ఉంటాడు’ అంటుంది. మళ్లీ ‘ఇంకెవరున్నారు?’ తాబేలు తల బయటపెట్టి ‘చెప్పు నాన్నా, వింటున్నాను’ అంటుంది. కుందేలు చెప్పాక తాబేలు నాలుగు మాటలు అనాలి: ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు. నీ మాట నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. ఇక నేను చూసుకుంటాను.’ కొన్ని రోజుల తరువాత పాత్రలు మార్చి, పాపను తాబేలుగా ఆడనివ్వండి. ఆ నాలుగు మాటలు ఆమె నోటి నుంచి వచ్చాయంటే, అలాంటి మాటలు అనే పెద్దవాళ్లు ఉంటారన్న నమ్మకం ఆమెలో కుదిరినట్టే.

దీనికి తోడుగా అయిదు వేళ్ల బొమ్మ గీయించండి. పిల్ల తన చేతిని కాగితం మీద పెట్టి గీసుకుని, ఒక్కో వేలికీ తాను చెప్పుకోగల ఒక్కో పెద్ద మనిషి పేరు తానే ఎంచుకోవాలి. మీరు ఊహించిన పేరు అందులో లేకపోతే నొచ్చుకోవద్దు, ‘ఆయన పేరెందుకు రాయలేదు’ అని నిలదీయవద్దు. ఒకరిద్దరైనా ఇంటి బయటివాళ్లు ఉండేలా మాత్రం చూడండి, ఎందుకంటే పిల్లలను వేధించేవారిలో అత్యధికులు పిల్లలకు ముందే తెలిసినవారు, కొన్నిసార్లు ఇంట్లోవారే. ఎవరి దగ్గరికైనా ఎలా చేరుకోవాలో కూడా ఆడించాలి: టీచర్ అయితే ఏ సమయంలో ఒంటరిగా దొరుకుతారు, ఫోన్ అయితే నంబరు నోటికి వచ్చా?

‘అలా అయితే ఏం చేస్తావు’ ఆటలో మనం సాధారణంగా చేసే లోపం, ప్రతి ప్రశ్నలోనూ అపరిచితుడినే పెట్టడం. చిన్నపిల్లల మనసులో అపరిచితుడంటే వికారంగా, భయపెట్టేలా ఉండేవాడు. నవ్వుతూ పేరు పెట్టి పిలిచిన మనిషి రెండు నిమిషాల్లో వాళ్లకు తెలిసినవాడైపోతాడు. అందుచేత ఎవరు అన్నదాన్ని మారుస్తూ, ఏం చేయమన్నారు అన్నదాని మీద దృష్టి నిలపండి. ‘ఇంటికి వచ్చిన పెద్దబ్బాయి తలుపు వేసి ఆడుకుందామంటే?’ ‘నీకు చాలా ఇష్టమైన టీచర్ ఫొటో తీస్తానని చొక్కా తీయమంటే?’ ‘నాన్న స్నేహితుడు కారులో ఎక్కు, మీ నాన్న పంపారు అంటే?’ పైన చెప్పిన మూడు రకాల ఎరలూ ఈ ప్రశ్నల్లో వచ్చేలా చూడండి. పిల్ల జవాబు చెప్పగానే ‘సరే, చేసి చూపించు’ అని లేపి నిలబెట్టి, గట్టిగా ‘వద్దు, నాకు ఇష్టం లేదు’ అనిపించి, నడిపించి, మీ దగ్గరికి వచ్చి చెప్పించండి. వీటి మధ్య మామూలు ప్రశ్నలను కూడా కలపండి: వాన పడితే, పెన్సిల్ పోతే, దారి తప్పితే. అన్నీ ప్రమాదాలే అయితే ఆట బరువెక్కిపోతుంది. పైగా అమ్మ తల దువ్వితే, డాక్టరు అమ్మ ఎదుట పొట్ట నొక్కి చూస్తే అది సరైనదేనని గుర్తించడం కూడా పిల్లలు నేర్చుకోవలసిందే.

ఒకసారికి పది, పదిహేను నిమిషాలు చాలు. తరచూ, కొద్దికొద్దిగా ఆడించండి. రోడ్డు దాటడం నేర్పేటప్పుడు ఎలాంటి గొంతుతో మాట్లాడతామో ఇక్కడా అదే గొంతు ఉండాలి, భయపెట్టే కథలు ఏవీ అవసరం లేదు. పిల్లలు భయపడిపోతారేమోనన్న మీ సందేహానికి కొంత సమాధానం ఉంది. బడుల్లో జరిగే ఇలాంటి కార్యక్రమాలపై, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2015లో ప్రచురించిన సమీక్ష 24 ప్రయోగాలను, వాటిలోని 5,802 మంది పిల్లలను పరిశీలించింది. పిల్లల్లో తెలివిడి, తమను కాపాడుకునే నైపుణ్యం పెరిగాయని, ఆందోళన పెరిగినట్టు కనబడలేదని అది తేల్చింది. అయితే ఈ కార్యక్రమాల వల్ల నిజంగా వేధింపులు తగ్గాయని ఆ సమీక్ష రుజువు చేయలేదు, కాబట్టి ఆట ఆడించాం గనుక ఇక భయం లేదని నిశ్చింతగా ఉండకూడదు. సమస్య ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఒక అంచనా చాలు: ప్రపంచంలో ఇప్పుడు జీవించి ఉన్న బాలికలు, స్త్రీలలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు 18 ఏళ్లు నిండేలోపు అత్యాచారానికో లైంగిక దాడికో గురయ్యారని యూనిసెఫ్ 2024లో ప్రకటించింది. మగపిల్లలు కూడా దీనికి అతీతులు కారు, కాబట్టి ఈ ఆటలన్నీ మీ బాబుకూ అంతే అవసరం.

కొన్ని ఆటలను నేను గట్టిగా వద్దంటాను. వైకుంఠపాళి పద్ధతిలో తయారుచేసిన భద్రతా ఆటలు బడుల్లో కనిపిస్తుంటాయి. సరైన జవాబు చెబితే నిచ్చెన, తప్పు చెబితే పాము. పెద్దలకు అది సరదాగా తోస్తుంది. కానీ ఆ గదిలోనే ఇప్పటికే వేధింపుకు గురై, ఎవరికీ చెప్పలేక కూర్చున్న పిల్ల ఒకరుంటే ఆమె కళ్లతో చూడండి. ‘వద్దు అనలేదు’ అన్న గడిలో పావు పడగానే పాము మింగేస్తుంది. తాను వద్దు అనలేకపోయింది కాబట్టి తాను ఓడిపోయిన మనిషి అని ఆ పిల్లకు అర్థమవుతుంది. ఈ విషయంలో ఆడే ఏ ఆటలోనూ ఓటమి ఉండకూడదు, మార్కులు ఉండకూడదు. అలాంటి పటం ఇప్పటికే మీ దగ్గర ఉంటే పాములను చెరిపేసి, ప్రతి గడి నుంచీ ‘ఎవరికైనా చెప్పు’ అన్న నిచ్చెన వేయండి. వద్దు అనలేకపోయినా, బహుమతి తీసుకున్నా, చాలా రోజులు దాచినా, ఎప్పుడు చెప్పినా అది సరైన సమయమేనని పిల్లలకు పదేపదే వినిపించాలి. వేధింపుకు గురైన పిల్లలు రహస్యం దాచడం, ఆలస్యంగా బయటపెట్టడం, చెప్పిన మాటను తరువాత వెనక్కి తీసుకోవడం మామూలేనని మానసిక వైద్యుడు రోలండ్ సమ్మిట్ 1983లోనే వివరంగా రాశారు.

అలాగే, పిల్లలను పరీక్షించడానికి తెలియని మనిషిని పంపి పిలిపించే పని ఇంట్లో చేయకండి. పరిశోధకులు కట్టుదిట్టమైన అనుమతులతో చేసినదాన్ని మనం అనుకరిస్తే పిల్లలు బెదిరిపోవచ్చు, మన మీద నమ్మకమూ పోగొట్టుకోవచ్చు. సాధన పేరుతో పిల్లల రహస్య భాగాలను తాకడం, తాకుతున్నట్టు నటించడం ఏ పరిస్థితిలోనూ జరగకూడదు. ఆ భాగాలకు బదులుగా చేతి మీదో భుజం మీదో చేసి చూపడం కూడా వద్దు, బొమ్మల మీదా వద్దు, మాటలతో చెబితే చాలు.

యాప్‌లు, కంప్యూటర్ ఆటల గురించి అడిగారు. బాగా తయారైనవి ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘ఆర్బిట్’, జర్మనీలో వచ్చిన ‘కూల్ అండ్ సేఫ్’ వంటివి పిల్లల మీద పరీక్షించి, ఫలితాలను పరిశోధన పత్రికల్లో ప్రచురించినవి. కానీ తెర మీద వేలితో నొక్కడం, నోటితో చెప్పడం ఒకటి కావు కాబట్టి అవి బొమ్మల ఆటకు తోడే తప్ప బదులు కాలేవు. మీ బాబుకు ఇవ్వదలిస్తే ముందు మీరు మొత్తం ఆడి చూడండి. పక్కన కూర్చుని ఆడించండి. ముక్కూముఖం తెలియని వారితో చాట్ చేసే వీలున్న ఆటను ఎంత విద్యాపరమైనదని చెప్పినా పక్కన పెట్టండి. పాపకు ఇప్పుడే ఏ యాప్ అక్కరలేదు. బాబు మామూలుగా ఆడే ఆన్‌లైన్ ఆటల గురించే ‘అలా అయితే’ ప్రశ్నలు తయారుచేయడం ఇంకా ఉపయోగం: నాణేలు ఇస్తానని, వేరే యాప్‌లోకి రమ్మని, ఫొటో పంపమని, అమ్మకు చెప్పొద్దని వరుసగా అడిగే మనిషి ఎత్తుగడ ఎక్కడ తెలిసిపోతుందో మీ బాబే కనిపెట్టాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి ఎవరూ అడగరు, కానీ చెప్పకుండా ముందుకు పోలేను. ఒంటి పనులకు ఇతరుల మీద ఆధారపడే పిల్లలను రోజూ ఎంతోమంది తాకుతారు, వాళ్ల ‘వద్దు’కు విలువ ఇచ్చేవాళ్లు తక్కువ. మాట రాని పిల్ల వాడే బొమ్మల కార్డుల్లో, పరికరాల్లో ఆకలి, నీళ్లు, ఆట ఉంటాయి. ‘ఆపు’, ‘నొప్పి’, ‘నన్ను తాకారు’, శరీర భాగాల పేర్లు మాత్రం ఉండవు. ఆ కార్డులు లేకపోతే ఆ పిల్ల ఎంత కావాలనుకున్నా చెప్పలేదు. ‘ఆపు’ కార్డు చూపిన ప్రతిసారీ ఆగే మనుషుల మధ్య ఈ ఆటలన్నీ ఆ పిల్లలూ ఆడగలరు, కాస్త ఎక్కువసార్లు ఆడాలంతే.

ఒక మాట మీతో, మీ ఇంట్లోని పెద్దలందరితో చెప్పాలి. సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫింకెల్‌హార్ 1984లో వేధింపు జరగాలంటే నాలుగు షరతులు నెరవేరాలని వివరించారు: వేధించే మనిషికి ఆ కోరిక కలగాలి, తన మనసు చెప్పే అడ్డును అతను దాటాలి, పిల్ల చుట్టూ ఉన్న కాపలాను దాటాలి, చివరగా పిల్ల ప్రతిఘటనను దాటాలి. ఆటలు బలపరిచేది ఆ నాలుగింటిలో చివరిదాన్ని మాత్రమే, అదీ కొంతవరకే. మూడోది పూర్తిగా పెద్దలది: ట్యూషన్ గది తలుపు తెరిచి ఉంటుందా, పిల్లలతో ఒంటరిగా గడిపే అవకాశం ఎవరు వెతుక్కుంటున్నారు, ఎవరు కారణం లేకుండా బహుమతులు ఇస్తున్నారు అన్నది గమనించవలసింది మనం. తనను కాపాడుకునే బాధ్యత అయిదేళ్ల పిల్ల భుజాల మీద పెట్టే ఏ ఆటా మంచి ఆట కాదు.

చివరిగా, ఆట మధ్యలో పిల్ల తన గురించే ఏదైనా చెబితే ఏం చేయాలి? కుందేలు మాటగా మొదలై ‘నాకు కూడా’ అని రావచ్చు. అప్పుడు ఆట ఆపి, ముఖంలో కంగారు కనబడనీయకుండా, తాబేలు అన్న ఆ నాలుగు మాటలే మీరు అనండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, ఎందుకంటే సాయం చేయగలవారికి చెప్పక తప్పదు. ‘ఇక్కడ తాకాడా, అక్కడ తాకాడా’ అని గుచ్చి గుచ్చి అడగకండి. ‘తరువాత ఏమైంది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు, పిల్ల ఎంత చెబితే అంతే వినండి. మీరు సూచించిన మాట పిల్ల జవాబులో కలిసిపోతే, తరువాత విచారణలో ఆమె నిజమైన మాట కూడా అనుమానంలో పడుతుంది. పిల్ల పక్కకు వెళ్లగానే ఆమె అన్న మాటలను అన్నట్టుగానే, తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకోండి. పిల్ల ఎవరి పేరు చెప్పిందో ఆ మనిషిని మీరు స్వయంగా నిలదీయడానికి వెళ్లకండి. పిల్లను అతనికి దూరంగా ఉంచి, మీరున్న చోట పిల్లల సంరక్షణ చూసే అధికారులకో, పిల్లల హెల్ప్‌లైన్‌కో, పోలీసులకో వెంటనే తెలియజేయండి, వైద్య పరీక్ష అవసరమేమో వాళ్లను అడగండి. బంధువులు ఒక్కొక్కరూ వచ్చి పిల్ల చేత జరిగింది మళ్లీ చెప్పించుకోకుండా మీరు అడ్డంగా నిలబడండి. ఆ తరువాత పాప మళ్లీ ఆ బొమ్మలు కావాలంటే ఇవ్వండి, ఆమె ఇష్టం వచ్చినట్టు ఆడుకోనివ్వండి. ఆ ఆటను మాత్రం మీరు నడపవద్దు, జరిగింది తెలుసుకోవడానికి బొమ్మలను వాడవద్దు. ఆ పని శిక్షణ పొందిన కౌన్సెలర్లకు వదిలేయండి.